ఇంటిలో వినికిడి: మితధనముతో రిసీవరు నెన్నుకొను విధము



మనము కంచుగిన్నె కొనునపుడు దానిని మీటి చూతుము. చీర కొనునపుడు అంచు మడిచి నేత నరయుదుము. మదనపల్లె సంతలో టమోటాగంప బేరమాడునపుడు పైకాయల నిగనిగకు మోసపోక అడుగుకాయలను తిరుగవేసి చూతుము. కాని వేలకొలది రూపాయలు పోసి హోము థియేటరు రిసీవరు కొను దినమున మాత్రము మనలో పెక్కండ్రు నోరు మెదపరు. అది మగవారి వ్యవహారమనియు, విద్యుచ్ఛాస్త్రము చదివినవారికే బోధపడుననియు తలంచి దూరముగా నుందురు. అయినను చీటికట్టి ఆ ధనమును కూడబెట్టినది సాధారణముగా ఇల్లాలే. యంత్రము చెడి మూలపడినచో దానిపై దుమ్ము తుడువవలసినదియు ఆమెయే. కావున ఈ విషయమున కొంత తెలివిడి సంపాదించుకొనుట మనకు అక్కఱ.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము – ఈ మూడు పట్టణములవారికిని ఇట్టి యంత్రములకు బెంగుళూరే పెద్ద యంగడి. కుప్పము బెంగుళూరు–చెన్నపట్టణము రైలుమార్గముననే యున్నది. మదనపల్లె, పుంగనూరువారు బస్సులో పోయి వత్తురు. కొందఱు ఫోనులో బొమ్మ చూచి పార్సెలుగా తెప్పించుకొందురు. ఏవిధముగానైనను కొనుట సులభమే. చెడినపుడు ఏడెనిమిది కిలోల పెట్టెను మోసికొని మరల అంతదూరము పోవుట సులభము కాదు. అందుచేత చిన్నయూళ్ళవారు యంత్రముయొక్క సొగసుకంటె మన్నికను ముందు చూడవలయును. మాట తేటగా వినిపించవలయును. మన యింటి విద్యుత్తునకును వేడిమికిని ఓర్చుకొనవలయును. చెడినపుడు బాగుచేయువారు దొరకవలయును. ఈ మూడు గుణములును కుదిరిన పిమ్మటనే తక్కిన యలంకారములు.

రిసీవరు చేయు పని

మా అత్తగారి కాలమున రిసీవరనగా రేడియోయే. దానికి సర్కారు లైసెన్సు కావలసియుండెను. ఆ పద్ధతి 1980 దశకమున రద్దయ్యెను. నేడు మనము రిసీవరనునది టెలివిజనునకును స్పీకర్లకును నడుమ నుండు యంత్రము. అది మూడు పనులు చేయును. టెలివిజనునుండియో, డిస్కు యంత్రమునుండియో మడతపెట్టబడి వచ్చిన ధ్వనిని విప్పును. విప్పినదానిలో ఏ భాగము ఏ స్పీకరునకు చెందునో విభజించును. అటుపై దానికి బలమిచ్చి స్పీకరునకు పంపును. పంక్తిలో వడ్డించు ఇల్లాలివంటిదని తలంచుడు. మూత తీయుటయు, ఎవరి విస్తరిలో ఏది పడవలయునో తెలియుటయు, చేయి వణకక వడ్డించుటయు ఆమె పనియే గదా! ఇందు ఏ యొక్కటి లోపించినను భోజనము చెడును.

విప్పుటకు ముఖ్యముగా రెండు సంప్రదాయములు కలవు. ఒకటి డాల్బీవారిది, ఆ సంస్థను రే డాల్బీ 1965లో లండనున స్థాపించెను. రెండవది డి.టి.ఎస్.; అది 1993లో జురాసిక్ పార్క్ చిత్రముతో ప్రదర్శనశాలలలో ప్రవేశించెను. నేడు దొరకు పేరుగల రిసీవరులన్నియు ఈ రెంటిని విప్పగలవు. కావున అంగడివాడు వీనిని గొప్ప విశేషములుగా వర్ణించినచో తల యూచి, తరువాతి ప్రశ్న యడుగవచ్చును.

మాట వినబడుటయే ప్రధానము

ఇంటిలో అందఱును చిత్రము చూచుచుండగా పెద్దవారు మాటిమాటికి “ఏమన్నాడు?” అని యడుగుటను మీరు గమనించియే యుందురు. పిల్లలు విసుగుకొందురు. రెండుమూడు మారులు అడిగి, బదులు రాక, ఆ ముసలివారు లేచి వసారాలోనికి పోయి కూర్చుందురు. ఇది చెవిదోషము మాత్రమే కాదు. పలుచని టెలివిజనులలో స్పీకర్లకు చోటు చాలదు. పెక్కింటిలో అవి చిన్నవై, క్రిందికో వెనుకకో తిరిగియుండును. మాట గోడకు తగిలి మనకు చేరును. అందుపై వాద్యఘోష వచ్చి పడును.

చలనచిత్రములలో సంభాషణ చాలవఱకు నడిమి ఛానలులో నుంచబడును. టెలివిజను దానిని తక్కిన ధ్వనులతో కలిపి రెండు చిన్న స్పీకర్లనుండి వెలువఱచును. రిసీవరు దానిని వేఱుచేసి నడిమి స్పీకరునకే పంపును. అప్పుడు ఇంటి ముసలివారికొఱకు ఆ యొక్క స్పీకరును మాత్రము రెండు మూడు డెసిబెల్లులు హెచ్చింపవచ్చును, వాద్యములు హెచ్చవు. రాత్రివేళ పెద్ద చప్పుడులను అణచి చిన్న మాటలను పైకి దెచ్చు ఏర్పాటు గూడ రిసీవరులలో నుండును. తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడు కుప్పమువంటి యూర, మూడు భాషల చిత్రములను చూచు నింట, ఈ తేటదనము మఱింత యుపయోగకరము. మాతృభాషలో సగము వినబడినను ఊహించుకొందుము. పరభాషలో అది సాగదు.

మన పూర్వులు ఈ సంగతి నెఱుగుదురు. భరతముని నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయము నాట్యమండపనిర్మాణమును గూర్చినది. మండపము మితిమీరి పెద్దదైనచో పాత్రల మాట తేటగా వినబడదని ముని చెప్పి, మనుష్యులకు మధ్యమప్రమాణమే, అనగా 64 హస్తముల నిడివియు 32 హస్తముల వెడల్పును గలదే, తగినదని నిర్ణయించెను. గాలి విశేషముగా చొఱబడక స్వరము గంభీరముగా నుండుటకై చిన్న గవాక్షములు గలిగి పర్వతగుహవలె నుండవలెననియు చెప్పెను. ఇందుండి మనము గ్రహింపవలసినది స్పష్టము. గది చక్కబడక యంత్రమొక్కటియే మేలు చేయదు. నున్నని గచ్చును బోడిగోడలును గల గదిలో ధ్వని ప్రతిధ్వనించి మాట చెదరును. కిటికీకి మందమైన తెర, నేలపై జంపఖానా, గోడవైపున పుస్తకముల బీరువా – ఇవి యుండినచో తక్కువ వెలగల రిసీవరు గూడ మెఱుగుగా వినబడును. ఇవి చాలవఱకు ఇంటిలో నున్న వస్తువులే.

వాట్టుల మాట

అట్టపెట్టెపై పెద్దయక్షరములతో అచ్చువేయబడు అంకె వాట్టులది. మోసమునకు ఎక్కువ తావు గలదియు ఇదియే. ఒకే యంత్రమును ఒకవిధముగా కొలిచిన 70 వాట్టులు, మఱియొక విధముగా కొలిచిన 130 వాట్టులు రావచ్చును. ఎట్లనగా: రెండు స్పీకర్లను కలిపి నడపుచు, 8 ఓముల భారముపై, 20 మొదలు 20,000 హెర్ట్జుల వఱకు గల సకలధ్వనులతో, స్వల్పవికారముతో కొలిచినచో అంకె తక్కువగా వచ్చును, అది నిజమైన అంకె. ఒక్క స్పీకరునే నడపుచు, 6 ఓములపై, 1,000 హెర్ట్జుల ఒక్కస్వరముతో, పదిశాతము వికారమును సహించి కొలిచినచో అంకె ఉబ్బును. పి.ఎం.పి.ఓ. అని పేరుపెట్టి వేలకొలదిగా చూపు అంకెకు ఒక నియమమే లేదు. దానిని చూడకుండుటయే మేలు.

ఈ వంచన నరికట్టుటకు అమెరికాదేశపు వాణిజ్యసంఘమువారు 1974లోనే ఒక నిబంధన చేసిరి. రిసీవరుల విషయమున కొలతలు మరల ఎవరికి దోచినట్లు వారు ప్రకటించుచుండగా, 2024లో దానిని సవరించి 8 ఓములు, 20 మొదలు 20,000 హెర్ట్జులు అను ఏకరీతికొలతను విధించిరి. మనము అంగడిలో అడుగవలసిన ప్రశ్నయు అదియే: “రెండు ఛానలులు కలిపి నడుపునపుడు, 8 ఓములపై, 20 నుండి 20,000 హెర్ట్జులవఱకు ఎన్ని వాట్టులు?” అంగడివాడు చెప్పలేకపోయినను, పేరుగల సంస్థల సూచనపుస్తకములలో చివరిపుటలందు ఇది వ్రాయబడియుండును. అట్టి కొలతయే ఎక్కడను ప్రకటింపని యంత్రమును కొనరాదు.

నిజమైన వాట్టులు ఎన్ని చాలును? ఇచ్చట ఒక చిన్న లెక్క తెలిసికొనవలయును. శక్తి రెట్టింపైనచో ధ్వని రెట్టింపు కాదు. మూడు డెసిబెల్లులు మాత్రమే హెచ్చును. చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచవలెనన్నచో సుమారు పదిరెట్లు శక్తి కావలయును. కావున 50 వాట్టుల యంత్రమునకును 100 వాట్టుల యంత్రమునకును వినికిడిలో భేదము స్వల్పము. వెలలో భేదము స్వల్పము కాదు. ఒక్క వాట్టునకు ఒక్క మీటరు దూరమున 88 డెసిబెల్లులిచ్చు స్పీకరులను మనయిండ్లలోని పండ్రెండడుగుల, పదునైదడుగుల గదులలో నుంచినచో, మూడు మీటర్ల దూరమున కూర్చుండువారికి ఒక్క వాట్టుతోనే దాదాపు 80 డెసిబెల్లులు వినబడును. చిత్రములో పిడుగు పడినపుడు, కోట కూలినపుడు, మఱికొన్ని పదుల వాట్టులు కావలయును. 50 మొదలు 70 వఱకు నిజమైన వాట్టులు మధ్యతరగతి గృహమునకు సమృద్ధి. ప్రపంచారోగ్యసంస్థవారు పెద్దవారికి వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెల్లులును, పిల్లలకు 75 డెసిబెల్లులును వినుటకు హద్దుగా సూచించియున్నారు. హద్దు దాటించు యంత్రమును పైకము పెట్టి కొనుట ఏల?

స్పీకరుపై ముద్రించిన ఆ 88 వంటి అంకెను గూడ గమనింపుడు. 90 గల స్పీకరు, 87 గలదానితో సమానముగా పలుకుటకు సగము శక్తి చాలును. పుంగనూరు ఆవు పొట్టిది. దాని పాలు కొలతకు కొద్ది, చిక్కదనమునకు పేరు. పొడవును చూచి ఆవును కొనువారము కాము గదా! యంత్రవిషయమునను అంతే.

మదనపల్లెవారికి ఈ సందర్భమున ఒక చరిత్ర జ్ఞప్తికి రాక మానదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఈ యూర దివ్యజ్ఞానకళాశాలలో విడిసి, జనగణమనగీతమును ఆంగ్లమునకు పరివర్తించెను. కళాశాలాధ్యక్షుని పత్ని, సంగీతజ్ఞురాలు అగు మార్గరెట్ కజిన్సు ఆ పాటకు స్వరలిపి కూర్చుటలో పాలుగొనెను. ఈమె తరువాత 1927లో అఖిలభారత మహిళాసభను నెలకొల్పినవారిలో ముఖ్యురాలు. పాట చెదరక నిలుచుట బిగ్గఱగా పాడుటవలన కాదు, స్వరము ఉన్నదున్నట్లు వినుటవలన. రిసీవరును పరీక్షించునపుడును చెవియే ప్రమాణము.

ఎన్ని స్పీకర్లు కావలయును?

5.1 అనగా ముందు ఎడమ, నడుమ, కుడి, ప్రక్కల రెండు – మొత్తము ఐదు స్పీకర్లు. పైని ఒక్కటి గంభీరధ్వనులకై సబ్‌వూఫరు. 7.1 అనగా వెనుక మఱి రెండు. ఇంటికప్పునుండి ధ్వని దిగునట్లు చేయు డాల్బీ ఆట్మాస్ అనునది 2012లో ప్రదర్శనశాలలలోనికి, 2014లో ఇండ్లలోనికి వచ్చెను. మితధనము గలవారికి ఐదు ఛానలుల రిసీవరే తగినది. తొమ్మిది ఛానలుల చౌకయంత్రమున ఒక్క విద్యుత్పీఠమే తొమ్మిందుగురికి పంచబడును, పిండికొలదియే రొట్టె.

అందఱు స్పీకర్లను ఒకనాడే కొననక్కఱలేదు. మొదట ముందువైపు మూడు కొని, రిసీవరులో తక్కినవి లేవని తెలిపినచో అది వాని ధ్వనిని ఉన్నవానికే సర్దును. సంవత్సరమునకు ప్రక్కవి, మఱియొక యేటికి సబ్‌వూఫరు చేర్చుకొనవచ్చును. సంసారము నడపు పద్ధతియు ఇట్టిదే. ప్రక్కస్పీకర్లకు తీగెలు గుమ్మమునకు అడ్డముగా పోవునా, బిడ్డల కాళ్ళకు తగులునా యని ముందే చూచుకొనుడు.

స్పీకర్లపై 4, 6, 8 ఓములని వ్రాయబడియుండును. ఓములు తగ్గిన కొలది స్పీకరు ఎక్కువ విద్యుత్ప్రవాహమును లాగును, రిసీవరు వేడెక్కును. మితమైన రిసీవరునకు 6 లేక 8 ఓముల స్పీకర్లనే జతపఱచుట క్షేమకరము.

టెలివిజనుతో పొత్తు

టెలివిజను వెనుక హెచ్.డి.ఎం.ఐ. రంధ్రములలో ఒకదానిపై ఏ.ఆర్.సి. యని యున్నదేమో చూడుడు. ఇది 2009లో వచ్చిన యేర్పాటు. ఒక్క తీగెతోనే టెలివిజనులోని ధ్వని రిసీవరునకు చేరును. దీనికి పెద్దదైన ఈ.ఏ.ఆర్.సి. 2017లో వచ్చెను, కుదించని ధ్వనిని గూడ మోయగలదు. ఇంటర్నెట్టు ద్వారా వచ్చు చిత్రములు కుదించిన ధ్వనితోనే వచ్చును గనుక మొదటిదే సామాన్యముగా చాలును. ఏ.ఆర్.సి. లేని పాత టెలివిజనున్న ఇంట, కాంతితీగె ప్రవేశము, అనగా ఆప్టికల్ రంధ్రము గల రిసీవరును ఎన్నుకొనవలయును, అదియు 5.1 ధ్వనిని తేగలదు. సి.ఇ.సి. యను సౌకర్యము నడచుచున్నచో ఒక్క రిమోటుతోనే రెండు యంత్రములును పలుకును. నాలుగు రిమోటులను చేతబట్టి తికమకపడు అత్తగారికి ఇది పెద్ద ఉపకారము.

గదిని కొలిచి సరిచేయు చిన్న మైక్రోఫోను కొన్ని రిసీవరులతో వచ్చును. యమహావారు దానిని వై.పి.ఏ.ఓ. యనియు, డెనాన్ వారు ఆడిసీ యనియు పేర్కొందురు. మనము కూర్చుండు తావున దానినుంచి, ఇల్లు నిశ్శబ్దముగా నున్న వేళ ఒకసారి నడపినచో, ఏ స్పీకరు ఎంత దూరమున నున్నదో అదియే కనిపెట్టి సర్దును. ఫ్యాను నిలిపి, కుక్కరు దించి ఈ పని చేయవలయును.

విద్యుత్తు, వేడిమి, దుమ్ము

మనదేశమున ఇంటివిద్యుత్తు 230 వోల్టులు. కాని పొలముల మోటారులు నడుచు వేళలలోను, గాలివానలోను అది హెచ్చుతగ్గులగుట మనమెఱిగినదే. విద్యుత్తు పోయి తటాలున వచ్చు క్షణమే యంత్రమునకు గండము. తగిన సామర్థ్యము గల స్టెబిలైజరును, మూడుకాళ్ళ ప్లగ్గును, నిజముగా పనిచేయు ఎర్తునున్నవో లేదో చూచుకొనవలయును. పాతయిండ్లలో ఎర్తుతీగె గోడలోనికి పోయి భూమిని చేరకయే ఆగియుండుట కలదు. ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయింపుడు. ఉఱుము మెఱుపుల వేళ మీట నొక్కుట చాలదు. ప్లగ్గును, డిష్షు తీగెను రెంటిని ఊడదీయవలయును. పిడుగుదెబ్బ కరెంటుతీగెనుండియే కాక ఆ తీగెనుండియు వచ్చును.

రిసీవరులోని కెపాసిటరులను చిన్న భాగములకు వేడి పగ. పది డిగ్రీలు వేడిమి పెరిగినచో వాని యాయువు సగమగునని యంత్రజ్ఞుల సామాన్యగణన. అందుచేత దానిని అద్దపు తలుపుల బీరువాలో మూయరాదు. పైని కనీసము జానెడు చోటు విడువవలయును. దానిపై డిష్షుపెట్టెను, లేసుగుడ్డను పఱచి పూలకుండీని పెట్టరాదు. అందముగానే యుండును; యంత్రమునకు ఊపిరాడదు. నెలకొకసారి మెత్తని కుంచెతో రంధ్రముల దుమ్ము తీయుడు. పైరంధ్రములలోనికి బల్లులు, చీమలు దూఱి లోపల చచ్చి పలకలను కాల్చుట కలదు గనుక గోడకు ఆనించి పెట్టరాదు.

కరెంటుఖర్చును గూర్చి భయము వలదు. సగటున 50 వాట్టులు లాగుచు దినమునకు నాలుగు గంటలు నడచినచో నెలకు ఆఱు యూనిట్లే.

ధనమును పంచు విధము

మొత్తమును పదిపాళ్ళు చేయుడు. ఐదుపాళ్ళు రిసీవరునకు, నాలుగుపాళ్ళు స్పీకర్లకు, ఒకపాలు తీగెలకును స్టెబిలైజరునకును. రిసీవరునకే అంతయు పోసి స్పీకర్లను నాసిగా కొనినవారు పట్టుచీర కొని రవికకు గుడ్డ చాలనివారివంటివారు. క్రొత్తనమూనా వచ్చినపుడు గతసంవత్సరపు నమూనా వెల తగ్గుట కలదు. మనకు కావలసిన గుణములన్నియు దానిలో నుండును. వడ్డీలేని వాయిదాలని యాశ చూపినచో, ముందుగా పట్టుకొను రుసుమును, రొక్కమిచ్చినచో దొరకు తగ్గింపును లెక్కవేసి పోల్చి చూడుడు. అప్పుచేసి పప్పుకూడు తినుటకంటె ఆఱుమాసములు చీటి కట్టుట మేలు.

విదేశములనుండి బంధువులు తెచ్చిన యంత్రముల విషయమున జాగరూకతతో నుండవలయును. అమెరికాదేశపు విద్యుత్తు 120 వోల్టులు, జపానుది 100 వోల్టులు. అచ్చటి రిసీవరును మన గోడరంధ్రమున తగిలించినచో క్షణములో కాలును. గల్ఫుదేశములనుండి వచ్చినది పెక్కుసారులు మన వోల్టులకు సరిపడును. కాని అచ్చటి వారంటీ ఇచ్చట చెల్లుట అరుదు. యంత్రము వెనుక అతికించిన చీటిపై 220–240 అని యున్నదేమో ముందు చదువుడు.

వాడిన యంత్రమును కొనువారు అరగంటయైనను నడపి చూడవలయును. ప్రతి ఛానలునకును స్పీకరు మార్చి తగిలించి వినుడు. ప్రతి హెచ్.డి.ఎం.ఐ. రంధ్రమును పరీక్షింపుడు, పాతవానిలో తఱచు చెడునది ఆ పలకయే. ధ్వనిమీట త్రిప్పునపుడు గరగర వినబడునా, లోపలినుండి కమరువాసన వచ్చునా చూడుడు. రిమోటును, మైక్రోఫోనును అడిగి తీసికొనుడు.

నమ్మకము ఎచ్చట నున్నది?

మా యెఱుకలోని పుంగనూరు కుటుంబమొకటి పెట్టెపై వేయి వాట్టులని వ్రాసియున్న ఒక సెట్టును తెచ్చుకొనెను. పదునాలుగు మాసములకు దాని దీపము వెలుగుట మానెను. వారంటీ తీరినది పండ్రెండవ మాసముననే. ఊరిలోని మెకానిక్కు లోపలి పలక చూపి, దీనికి బదులు దొరకదనెను. ఆ యింటి యాడబిడ్డ చదువుకై దాచిన రొక్కములోనిది ఆ సొమ్ము. యంత్రముతో పోయినది వినోదము మాత్రమే కాదు. ఆ యేడు ఆమెకు కోచింగు రుసుము కట్టుట ఆలస్యమయ్యెను. ఇంటిలో తిరిగి సంతోషముగా ఆ మాట యెత్తినవారు లేరు.

కావున కొనుటకు ముందే అడుగుడు: సేవాకేంద్రము ఏ యూర నున్నది? వారు ఇంటికి వత్తురా, మనము మోసికొని పోవలయునా? పంపుటకు, రప్పించుటకు ఖర్చు ఎవరిది? వారంటీ ఎన్ని సంవత్సరములు, స్పీకర్లకును రిసీవరునకును ఒక్కటియేనా? ఆ కేంద్రమునకు ఒకసారి ఫోను చేసి, ఎవరైన పలుకుదురా యని స్వయముగా చూచుకొనుడు. సంస్థ పేరు పెద్దదైనంతమాత్రమున చాలదు. 1946లో జన్మించి ప్రపంచమెల్ల పేరొందిన జపానుదేశపు ఆంకియో సంస్థ 2022లో దివాలా పిటిషను వేసెను. ఆ పేరు ఇతరుల యాజమాన్యమున ఇంకను నడచుచున్నది. అందుచేత పేరు నేడెవరి చేతిలో నున్నదో, మనదేశమున దానికి బాధ్యులెవరో తెలిసికొనుట అవసరము.

బిల్లును తప్పక తీసికొనుడు. దానిపై యంత్రము సంఖ్యయు, అంగడివాని జి.ఎస్.టి. సంఖ్యయు ఉండవలయును. బిల్లులేక తగ్గు కొద్ది రూపాయలకు ఆశపడినచో హక్కు పోవును. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము 2020 జులైలో అమలునకు వచ్చినది. దానిప్రకారము వస్తువును బెంగుళూరిలో కొనినను, ఫోనులో తెప్పించుకొనినను, మనము నివసించు జిల్లాలోని కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును. ఐదులక్షలవఱకు వెలగలవానికి రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో సలహాయు దొరకును. ఈ మాట తెలిసిన ఇల్లాలితో అంగడివాడు మాటలాడు తీరే వేఱు.

అంగడిలో వినుటకు

మీకు బాగుగా తెలిసిన పాటను, మాటలు ఎక్కువగా గల తెలుగు దృశ్యము నొకదానిని ఫోనులో తీసికొని పొండు. అంగడివాడు యుద్ధములును ప్రేలుళ్ళును వినిపించును. వానిలో ఏ యంత్రమైనను ఘనముగానే తోచును. మెల్లగా మాటలాడు దృశ్యము నడుగుడు. ధ్వనిని తగ్గించి, ఇంటిలో రాత్రి పదిగంటలకు పెట్టుకొనునంత మాత్రముంచి వినుడు. హల్లులు తేటగా వినబడునా? ‘స’కారము చెవిని గీయునా? పాటలో గాయని ఊపిరి తీయుట వినబడునా? ఇంటిలో పెద్దవారిని వీలైనచో వెంటబెట్టుకొని పోవుడు. వారు మాట అందుకొన్న యంత్రమే మీ యింటికి తగినది.

ఇంత చూచిన పిమ్మట మీ యింటికి రిసీవరే అక్కఱలేదని తోచవచ్చును. చిన్నగది, ఇద్దఱు ముగ్గురు మనుష్యులు, వార్తలును సీరియళ్ళును మాత్రమే చూచుట – ఇట్టి యింటికి మాటను పైకి దెచ్చు యేర్పాటు గల ఒక సౌండుబారు చాలును. వెల తక్కువ, తీగెలు తక్కువ. పాటలే ప్రధానమైనచో రెండు ఛానలుల యాంప్లిఫయరును మంచి స్పీకర్లజతయు మేలు. పదిమంది కూడి చిత్రములు చూచు ఇంటికే రిసీవరు నిజముగా ఉపకరించును.

ఒక కాగితముపై ఈ యెనిమిది మాటలు వ్రాసికొని అంగడికి పోవుడు: నిజమైన వాట్టులు, స్పీకర్ల ఓములు, ఏ.ఆర్.సి.; నడిమి స్పీకరును విడిగా హెచ్చించు వీలు; వెనుకచీటిపై వోల్టులు; సేవాకేంద్రముండు ఊరు; వారంటీ; బిల్లు. ఎనిమిదింటికిని సరియైన బదులు వచ్చువఱకు పర్సు విప్పకుడు. బదులు రానిచోట నమస్కరించి మఱియొక యంగడికి పొండు.